తమ్ముడికని కాచిన సూపు

అల్లంతో బొప్పాయి ఉడికే వాసన తగిలితే ఇప్పటికీ అక్కణ్ణించి లేచి వెళ్ళిపోతాను.

కువైట్‌లో, సబా అల్ సలేంలో ఉండేవాళ్ళం. అమ్మ నర్సు. అప్పుడు ఐదో నెల. ఓ రోజు స్కానింగుకి వెళ్ళొచ్చి, గోడవైపు తిరిగి పడుకుంది. నాకు తొమ్మిదేళ్ళు. పక్క ఫ్లాట్ హాంకాంగ్ ఆంటీ నేర్పిన తీపి సూపు నేనే కాచాను. చిలగడదుంప, బొప్పాయి, అల్లం, పటికబెల్లం.

“తమ్ముడిక్కూడా” అంటూ ఇస్తే, అమ్మ నన్నే చూస్తూ గిన్నె ఖాళీ చేసింది.

సాయంత్రం రాజోలు నుంచి అమ్మమ్మ ఫోన్ చేస్తే గొప్పగా చెప్పాను.

“కడుపుతో ఉన్నదానికి బొప్పాయి పెట్టేవేంటే? కడుపు పోద్ది!”

తొక్కలన్నీ స్కూలు బ్యాగులో దాచి, మంచం కింద దూరాను. “యేసయ్యా, తమ్ముణ్ణి ఉంచు, నన్ను తీసుకో” అని గొంతు పోయేదాకా ఏడ్చాను. మర్నాడు ఆస్పత్రికి వెళ్ళిన అమ్మ, వట్టి కడుపుతో తిరిగొచ్చింది.

పదిహేనేళ్ళు ఎవరికీ చెప్పలేదు. నా పెళ్ళి కుదిరాక, ఇక మోయలేక అమ్మకి చెప్పేశాను.

అమ్మ నా మొహం తనవైపు తిప్పుకుంది.

“పిచ్చిదానా, బిడ్డ గుండె ఆగిపోయిందని ఆ పొద్దున్నే స్కానింగులో చెప్పేశారే.”

“మరి నాకెందుకు చెప్పలేదమ్మా?”

“తమ్ముడికని గిన్నె పట్టుకొచ్చావు కదే. ఎలా చెప్పేది?”