కటింగ్ మాస్టరు కుడిచెయ్యి

మా ఆయన కటింగ్ మాస్టరు. నర్సులకూ, హోటల్ పనివాళ్ళకూ యూనిఫారాలు కుట్టే షాపులో ఇరవై రెండేళ్ళుగా పన్నెండేసి పొరల గుడ్డను పెద్ద కత్తెరతో కోస్తున్నాడు. నలభై ఆరో ఏట కుడిచేతి బొటనవేలూ, పక్క రెండు వేళ్ళూ మొద్దుబారాయి. కత్తెర జారి కాలర్లు పాడయ్యేవి. ఆ చెయ్యి పోతే ఉద్యోగం పోయినట్టే. మేం చూపించుకున్న డాక్టరు చెయ్యి పట్టుకునైనా చూడకుండా టెన్షన్ అనేసి, మనసు డాక్టరు దగ్గరికి పంపాడు.

ఆ మనసు డాక్టరు మంచి మనిషే, ఒప్పుకోవాలి. వారానికి రెండుసార్లు సోఫా మీద పడుకోబెట్టి చిన్నప్పటి సంగతులు చెప్పించేవాడు. పని నేర్పేటప్పుడు మామయ్యగారు చెక్క స్కేలుతో ఈయన వేళ్ళ మీద కొట్టిన సంగతి బయటికొచ్చింది. ఇంకేముంది, దొంగ దొరికాడు. ఆ కోపమే చేతిలో దాక్కుందట.

"మా నాన్న మీద నాకు కోపం లేదండీ," అన్నాడు మా ఆయన.

"లేదని ఇంత గట్టిగా అంటున్నారంటే ఉన్నట్టే కదా," అన్నాడట డాక్టరు.

ఉందంటే ఉన్నట్టు, లేదంటే మరీ ఉన్నట్టు. నాకు ఒళ్ళు మండింది. స్కేలు దెబ్బ తినని దర్జీ ఎక్కడున్నాడు? ఆ లెక్కన అందరి చేతులూ పడిపోవాలి. మా ఆయనతో అదే అంటే, "నీకివన్నీ తెలీవులే," అన్నాడు.

మూడో ఏడు, మంచాన పడ్డ మామయ్యగారి ఎదుట కూర్చుని, "నా చెయ్యి నీవల్లే చచ్చుబడింది నాన్నా," అనేశాడు. ఆయన గోడవైపు చూస్తూ, "అంత గట్టిగా కొట్టానా?" అన్నారు. అంతే. ఆ తర్వాత కొడుకు గదిలోకి వస్తే చేతులు దుప్పటి కింద పెట్టుకునేవారు. నాలుగు నెలలకు పోయారు.

ఆ మరుసటి నెల కొలతలివ్వడానికి వచ్చిన ఓ నర్సు ఈయన చెయ్యి చూసింది. "బొటనవేలి మొదట్లో కండ గుంటపడిందేంటన్నా? మణికట్టులో నరం నొక్కుకుపోయినట్టుంది. చూపించుకోలేదా?" పరీక్ష చేయిస్తే అదే. ఏళ్ళ తరబడి కత్తెర పట్టిన ఫలితం. చిన్న ఆపరేషన్ చేశారు. మూడేళ్ళ కిందటే వచ్చుంటే బాగయ్యేదట. పోయిన కండ ఇక రాదన్నారు.

మనసు డాక్టరుకు ఈ మాట చెబితే, "తండ్రి పోయాకే జబ్బుకు పేరు దొరకడం గురించి మాట్లాడుకుందాం," అన్నాడట. మా ఆయన లేచి వచ్చేశాడు.

ఏడవలేదు. కోపం కూడా లేదు. కట్టు కట్టిన చెయ్యి బల్లమీద పెట్టుకుని కూర్చున్నాడు.

"నాన్న నమ్మేశాడంటావా?"

లేదని చెబుదామనుకున్నాను.

"నమ్మారు," అన్నాను.