ఎర్ర బటన్ మీది మాట

రోజూ పొద్దున నల్లగండ్ల రోడ్డు మీద నిలబడి మా ఉస్తాద్ సైకిలు కోసం చూసేవాణ్ణి. బాలానగర్ వర్క్‌షాపుకి ఇద్దరం దాని మీదే పోయేవాళ్లం. కామెర్లతో ఆయన దవాఖానలో పడ్డాక కూడా ఆ టైముకి నా కాళ్లు అక్కడికే పోయేవి. మొన్న సోమవారం సైకిలు వచ్చింది. తొక్కుతున్నది ఆయన బామ్మర్ది. దిగకుండానే ఒక కాలు నేల మీద పెట్టి, "మీ ఉస్తాద్ పోయిండు రా. రాత్రే," అన్నాడు. నేను ఎప్పటిలాగే వెనక క్యారియర్ ఎక్కి కూర్చున్నాను. ఎటు పోవాలో కాసేపు ఇద్దరికీ తోచలేదు.

నేను చదివింది నాలుగో తరగతి. మాట్లాడేది అంతకంటే తక్కువ. అయినా ఆయన గురించి మీకు చెప్పకుండా కుదురుగా ఉండలేకపోతున్నాను.

మా షాపులో ఫ్యాన్లకి రేకు మూతలు కొట్టే ప్రెస్సు ఒకటుంది. స్పెయిన్ మిషను. సేటు బొంబాయిలో పాతది కొంటే, ఉస్తాద్ పోయి విప్పించి లారీలో తెచ్చాడు. దానికి రెండు బటన్లు. పచ్చది నడపడానికి, ఎర్రది ఆపడానికి. ఎర్రదాని మీద ఇంగ్లీషు అక్షరాలతో 'పారో' అని ఉంటుంది కానీ అది ఇంగ్లీషు మాట కాదు. బొంబాయిలో ఉన్న స్పెయిన్ మెకానిక్ ఒకాయన, తమ భాషలో దానికి రెండు అర్థాలని చెప్పి పంపాడట.

నాకు పని నేర్పడం ఉస్తాద్ ఆ మాట దగ్గరే మొదలుపెట్టాడు.

"పారో అంటే ఏంది?"

"ఆపుడు," అన్నాను మెల్లగా.

"బటన్ మీద ఉంటే గంతే. నీ నోట్లకెళ్లి వస్తే 'నేను ఆపుతున్న' అని. ఆడుంటే పేరు, నీ నోట్ల ఉంటే పని. సమజైందా?"

సమజు కాలేదు. తలూపాను.

అప్పుడు చూపించాడు. అచ్చు మార్చేటప్పుడు ఆయన రెండు చేతులూ ప్రెస్సు లోపల ఉంటాయి. ముందు నిలబడ్డవాడు ఎర్ర బటన్ నొక్కి, షాపంతా వినబడేలా 'పారో' అని అరవాలి. అరిచినవాడిదే బాధ్యత. వాడు మళ్లీ 'షురూ' అనేదాకా పచ్చ బటన్ ఎవరూ ముట్టకూడదు, సేటైనా సరే. ఆ కట్టుబాటు ఉస్తాద్ పెట్టిందే. ఆయన ఎడమ చేతికి రెండు వేళ్లు సగమే ఉండేవి. వెనకటి షాపులో ఒకడు నోరు మెదపకుండా మిషను ఆపాడు, ఇంకొకడు తెలియక నడిపాడు.

నేను బటన్ నొక్కి, చొక్కా గుండీలకి చెప్పుకున్నట్టు 'పారో' అన్నాను. పక్కన లేత్ మీద పనిచేసే అన్న నవ్వాడు. "ఉస్తాద్, షాపులకు పిల్లి గిట్ల దూరిందా?"

ఉస్తాద్ స్టూలు లాక్కుని కూర్చుని చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. "వీనికి గొంతు వచ్చేదాక నా చేతులు లోపల పెట్ట. ఉన్నయే ఎనిమిది."

గొంతు రాకపోతే నా పని పోయినట్టేనని అర్థమైంది. ఆ సాయంత్రం మియాపూర్ దాటాక రాళ్ల గుట్టల దగ్గర ఆయన సైకిలు ఆపాడు.

"గా బండకు వినబడాలె. అను."

అన్నాను.

"బండకు చెవుడు. జర జోర్‌గా."

మళ్లీ అన్నాను. మళ్లీ మళ్లీ అన్నాను. చివరికి సీతాఫలం చెట్ల కింద మేస్తున్న మేకలు చెల్లాచెదురయ్యాయి. వాటిని కాసే అవ్వ కట్టె పట్టుకుని వచ్చింది.

"ఏం రోగం రా మీకు? నా మేకలన్నీ బెదిరినయ్!"

"పోరనికి గొంతు తెప్పిస్తున్న అవ్వా."

"వచ్చింది గద! ఇగ ఇంటికి తోల్కపో!"

నేను గట్టిగా పలికిన మొదటి మాట ఆ 'పారో'. ఏ దేశపుదైతేనేం, ఆ తర్వాత టీ కొట్టువాణ్ణి టీ అడగడానికి కూడా నాకు నోరొచ్చింది.

పొద్దున రాగానే ఉస్తాద్ రుమాలు కొసతో ఎర్ర బటన్ తుడిచేవాడు. జొన్నరొట్టె విరిచి, నా వైపు చూడకుండానే సగం నా ముందుకి తోసేవాడు. బటన్ నొక్కినా ప్రెస్సు పెద్ద చక్రం వెంటనే ఆగదు. "దాన్ని నమ్మకు, చూడు," అనేవాడు. అది పూర్తిగా నిలిచేదాకా ఆయన చేతులు లోపలికి పోయేవి కావు. నేను ఆగలేక ఈ కాలు మీంచి ఆ కాలు మీదికి మారుతుంటే, "చక్రం కంటె నీకే పరేషాన్ ఎక్కువుంది రా," అనేవాడు.

దహనమైన మర్నాడు బస్సులో షాపుకి పోయాను. గేటు బయటికే ప్రెస్సు చప్పుడు వినిపించింది. దాని ముందు ఎవరో కొత్త మనిషి. ఉస్తాద్ స్టూలు మీద రేకు ముక్కల డబ్బా. లేత్ అన్న మేనేజరు గారి వెంట తిరుగుతున్నాడు, కాసేపు మిషన్లు ఆపుదామని. మేనేజరు గారు కృష్ణా జిల్లా మనిషి. చెడ్డవారు కాదు.

"నాకు మాత్రం బాధ లేదా ఏంటయ్యా? సాయంత్రానికి లారీ వచ్చేస్తుంది. ఆదివారం అందరం కూర్చుని సంతాపం చెప్పుకుందాం."

"ఆదివారం మిషన్లు ఎట్లయినా ఆగే ఉంటయ్ గద సార్."

నాకు నిలబడబుద్ధి కాలేదు, కూర్చోబుద్ధి కాలేదు. ఒళ్లంతా ఆ చప్పుడే. ఉస్తాద్ పోయిన సంగతి ఆ మిషనుకి ఇంకా ఎవరూ చెప్పనట్టుంది. ప్రెస్సు దగ్గరికి పోయాను.

"భయ్యా, చేతులు తియ్యి," అన్నాను కొత్త మనిషితో.

రుమాలు లేదు. చొక్కా కొసతో ఎర్ర బటన్ తుడిచి నొక్కాను.

"పారో!"

గుట్టల దగ్గర అరిచినట్టే అరిచాను. లేతులు ఒకటొకటిగా ఆగాయి. మేనేజరు గారు పరుగెత్తుకొచ్చారు. "ఏమైంది? ఎవరి చెయ్యి పడింది?"

అందరి చేతులూ బయటే ఉన్నాయి. ఆయన చెయ్యి పచ్చ బటన్ వైపు పోయింది.

"పారో అన్నది వాడు సార్," అన్నాడు లేత్ అన్న. "షురూ వాడే అనాలె."

మేనేజరు గారు నా వైపు చూశారు. తర్వాత స్టూలు వైపు చూశారు. వంగి, దాని మీది డబ్బా ఎత్తి కింద పెట్టారు.

మోటారు చప్పుడు అప్పటికే పోయింది. చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది. అందరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. గిర్రున తిరిగేటప్పుడు కలిసిపోయి కనిపించే దాని ఆకులు ఒక్కొక్కటిగా విడిపడ్డాయి. నెమ్మదించింది. నిలిచిందనుకున్న చోట నిలవకుండా, ఇంకో సగం చుట్టు తిరిగింది.