మామ కాలి మీది తోడేలు పాము

ఎమ్మెస్సీ జువాలజీ చదివే ఆ రోజుల్లో నాకు తెలియని పాము లోకంలో లేదనుకునేదాన్ని. (నేను చూసినవన్నీ దాదాపు సీసాల్లోనివే.) తోడేలు పామంటే మరీ మోజు. దానికి విషం లేదు, కానీ ఒంటి మీద తెల్లపట్టీలుంటాయి కనుక కట్లపామనుకుని కొట్టి చంపేస్తారు. ఒకే జాతి అనుకున్న ఆ పాముల్ని పండితులు రెండు జాతులుగా విడదీసి, ఏది ఎక్కడుంటుందో పటాలు గీస్తున్నారు. ఆ పటంలో వరంగల్ దగ్గర ఒక చుక్క పెట్టించాలని నా కోరిక.

ఆ చుక్క వరంగల్ కొత్తవాడలో మా మేనమామ కాలి మీదికి పాకింది. మామ జంపఖానాలు నేస్తాడు. గుంట మగ్గం కనుక కాళ్లు గుంటలోకి దించి, లోపలి పలకలు తొక్కుతూ నేయాలి. నేను వాళ్లింట్లో ఉన్న ఒకరోజు పొద్దున్నే మగ్గం చప్పుడు ఠక్కున ఆగింది. "బిడ్డా, కాలి మీద సల్లగ ఏదో పాకుతాంది" అన్నాడు మామ. ఫోన్ లైట్ వేసి చూశాను. గోధుమరంగు ఒళ్లు, తెల్లపట్టీలు. తల మాత్రం పలక కింద ఉంది. "కట్లపామే!" అంటూ అత్త కట్టె ఎత్తింది. "ఆగవే! దానికి తగుల్తదో, నా కాలుకు తగుల్తదో!" అన్నాడు మామ. నాకు పాఠం గుర్తొచ్చింది. "కట్లపాముకైతే తోక దిక్కు పట్టీలు మంచిగ కనబడ్తయి మామా. దీనికి మాసిపోయినయి. ఇది తోడేలు పాము, విషముండది."

"పక్కానా?"

"దాదాపు పక్కా."

"ఆ దాదాపు నా కాలి మీదనే ఉన్నది గద బిడ్డా!"

మామ కాలు విదిలించబోయాడు. ఇక ఆగలేక చెయ్యి పెట్టి పట్టుకున్నాను. అది నా బొటనవేలు కరిచి వేలాడింది. ఎలాగో విదిలించి, అత్త సకినాలు దాచుకునే ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత పెట్టాను. మామ నన్ను, డబ్బాను బండెక్కించి దవాఖానకు తీసుకుపోయాడు. కట్లపామైతే కనురెప్పలు వాలిపోతాయని, కనిపెట్టి చూడమని డాక్టరు చెప్పాడు. ముందు రాత్రంతా ప్రాక్టికల్ రికార్డు రాసిన నాకు రెప్పలు వాలక ఏం చేస్తాయి? "కండ్లెందుకు మూస్తానవ్?" అన్నాడు మామ. "నిద్రొస్తాంది మామా." "నిద్రనా, దాదాపు నిద్రనా?"

అప్పుడు నిజంగా భయమేసింది. ఆ కాస్త వెలుతురులో తోక సరిగ్గా చూశానా? డబ్బాను వెలుగుకు ఎత్తి, అప్పటిదాకా చూడని తల చూశాను. చదునైన తల. పట్టీలు మెడ దగ్గరినుంచే మొదలయ్యాయి, కట్లపాముకైతే అక్కడ ఉండవు. తోడేలు పామే! మామ భుజం మీద తల పెట్టి ఏడ్చేశాను. అక్కడే నిద్ర కూడా పోయాను. (ఆయన మాత్రం సాయంత్రం దాకా నన్ను గిల్లుతూనే ఉన్నాడట.)

ఫోటోలు పండితులకు పంపితే, రెండింట్లో ఏ జాతో తేల్చలేమని జవాబొచ్చింది. పటంలో నా చుక్క పక్కన ప్రశ్నార్థకం పడింది. ఇప్పుడు నేను పిల్లలకు పాఠం చెబుతూ, పాము జోలికి చేయి పోనివ్వద్దని మరీ మరీ హెచ్చరిస్తాను. మామ ఇప్పటికీ గుంటలో కాలు పెట్టేముందు ఒక్కోసారి ఫోన్ చేస్తాడు. "లోపల ఎవ్వలు లేరు గద బిడ్డా?" "దాదాపు లేరు మామా" అంటాను. ఆయన తిడుతుంటే నవ్వుకుంటాను. ఆనాటి ఆ పిల్ల ధీమాలో సగమైనా ఇప్పుడు నాకుంటే బాగుండేదనిపిస్తుంది.