ముందు రాయి, తర్వాతే పిస్తోలు

వెర్లిన్ హాస్కెట్ దుకాణంలోకి పిస్తోలు కొనుక్కుందామని వెళ్లినవాళ్లెవరూ మొదటిసారి పిస్తోలుతో బయటికి రారు. రాయితో వస్తారు.

అది దారిన పోయే రాయి కాదు. టాన్సీ ఫోర్డ్ ఊరి పక్కన పారే ఏట్లో ఆయన స్వయంగా మోకాలి లోతు నీళ్లలోకి దిగి ఏరి తెచ్చిన రాయి. దాన్ని పిండి తూచుకునే తక్కెడలో పెట్టి తూచి, ఎక్కువైన చోట అరగదీసి, మీరు మనసుపడ్డ పిస్తోలు తూటాలతో సహా ఎంత బరువుంటుందో సరిగ్గా అంత బరువుకు దించుతాడు. తోలు ఒరలో పెట్టి మీ నడుముకు తనే బిగిస్తాడు.

"నిద్రకీ స్నానానికీ తప్ప తియ్యొద్దు. ఇది నడుముకుందన్న సంగతే నువ్వు మరిచిపోయిన రోజున రా. అప్పుడు మాట్లాడుకుందాం" అంటాడు.

ఇంకో షరతు కూడా ఉంది. రాయి చొక్కా పైన, కోటు పైన, నలుగురికీ కనబడేలా ఉండాలి. లోపల దాచుకుంటే ఆ రోజు లెక్కలోకి రాదు. ఎందుకని అడిగితే ఒకరికి తోలుకి గాలి ఆడాలంటాడు, ఇంకొకరికి రాయికి ఎండ తగలాలంటాడు. ఏట్లో పుట్టిన రాయికి ఎండ ఎందుకో ఆ దేవుడికే తెలియాలి.

ఆయన్ని తిట్టుకోనివాళ్లు ఊళ్లో లేరు. పక్క ఊళ్లో అడిగిందే తడవుగా చేతిలో పెట్టే దుకాణాలు రెండున్నాయి. అయినా అందరూ వెర్లిన్ దగ్గరికే వెళ్తారు, రాయి మోస్తారు, మోసినన్నాళ్లూ ఆయన్ని తిడతారు.

పశువుల కామందు డెల్‌బర్ట్ క్విగ్ సంగతే చూడండి. మనిషి తలుపంత ఉంటాడు. ఎలుగుబంటిని ఒక్క దెబ్బకి పడగొట్టే రివాల్వరు కావాలన్నాడు, దుకాణంలో అన్నిటికంటే పెద్దది.

"ఊళ్లో తిరిగేటప్పుడు కూడా అదే పెట్టుకుంటావా?" అని వెర్లిన్ అడిగాడు.

"ఊళ్లోకి ఒకటీ అడవికి ఒకటీ ఎవడు కొంటాడు? రెండింటికీ అదే."

"పెళ్లికీ పేడ ఎత్తడానికీ ఒకే చెప్పులా, డెల్‌బర్ట్? సరే, నీ ఇష్టం." ఇటుకంత రాయి తీసి కట్టాడు.

ఆ శనివారం డెల్‌బర్ట్ మేనకోడలి పెళ్లి. నాట్యానికి రమ్మని పెళ్లికూతురి ముందు వంగి చెయ్యి చాచేసరికి బెల్టు తెగింది. ప్యాంటు నేల మీద, రాయి వియ్యంకుడి కాలి మీద. సోమవారం దుకాణానికి వస్తే వెర్లిన్ నవ్వలేదు. "నిజంగా ఎలుగుబంటే ఎదురైందనుకో. ప్యాంటు పట్టుకుంటావా, పిస్తోలు పట్టుకుంటావా?" అని అడిగాడంతే. డెల్‌బర్ట్ మధ్యరకం పిస్తోలొకటీ, అడవికి ఎలుగుబంటి మొహాన కొట్టే కారం డబ్బా ఒకటీ తీసుకుని బుద్ధిగా వెళ్లిపోయాడు.

పాస్టర్ ఆమ్‌డాల్ గారిదింకో కథ. కొండ మీద చేపలు పట్టేటప్పటికని ఆయనా రాయి కట్టించుకున్నారు. ప్రార్థనకు మోకరించినప్పుడల్లా అది బల్లకు ఠంగున తగిలేది. ముందు వరుసలో ముసలివాళ్లు అది విని, ముగింపు గంట అనుకుని, ప్రార్థన సగంలో ఉండగానే "ఆమెన్" అని లేచి టోపీలు పెట్టుకునేవాళ్లు. ఆ ఎండాకాలం చర్చి ఎంత తొందరగా వదిలేవారో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంతకీ వెర్లిన్ నడుముకు ఏముందంటారా? రాయే. ఏళ్ల తరబడి అరిగి నున్నగా నిగనిగలాడే నల్లరాయి. "ఊరందరికీ పిస్తోళ్లు అమ్ముతావు, నీకొకటి లేదా?" అంటే, "నాకు తగ్గది ఇంకా కుదరలేదు" అంటాడు.

ఇలాంటి మనిషి దుకాణంలోకి ఒక మంగళవారం మధ్యాహ్నం మార్వా టిబెట్స్ వెళ్లింది. పోయిన వసంతంలో ఊరికి వచ్చి, పెద్దవీధిలోని హోటల్లో వంటకు కుదిరిన మనిషి. ఆమె హకల్‌బెర్రీ పళ్లు కూరి కాల్చే తీపిరొట్టె అప్పటికే ఊళ్లో సగంమందిని లావెక్కించింది. ఒంటరి మనిషి, మితభాషి.

"చిన్నది, తేలికైంది, తొందరగా ఇవ్వండి" అంది.

"దేనికమ్మా?"

"ఎలుగుబంట్లకి. సెలవు రోజున పళ్లు ఏరడానికి ఏటి ఎగువకి వెళ్తుంటాను."

వెర్లిన్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఈ ఊళ్లో అందరూ ఎలుగుబంటికే అంటారు. ఆ ఎలుగుబంటి ప్యాంటూ చొక్కా వేసుకుంటుందా, తల్లీ?"

మార్వా తలుపు వైపు చూసింది. మూడు వారాలుగా సాయంత్రం హోటల్ మూసేవేళకి ఎదురుగా ఒక బూడిదరంగు ట్రక్కు వచ్చి ఆగుతోంది. అందులో కూర్చున్నవాడు దిగడు, పలకరించడు. ఆమె బయటికి వచ్చేదాకా చూస్తాడు. ఒకసారి వంతెన దాకా వెనకే వచ్చాడు. ఎవరికి చెప్పాలి, ఏమని చెప్పాలి? ట్రక్కులో కూర్చోవడం నేరమా అంటారు.

"రెండు రకాలూ అనుకోండి" అంది నేల చూపులు చూస్తూ.

వెర్లిన్ ఖాళీ పిస్తోలొకటి చేతికిచ్చి వేలు ట్రిగ్గర్ దాకా అందుతోందో లేదో చూశాడు. ఇంకోటిచ్చి పైభాగం వెనక్కి లాగమన్నాడు. పిండి పిసికి పిసికి మణికట్లు పట్టేసిన మనిషి, సగం లాగి అబ్బా అంది. "నీకు లాగే పని లేని రివాల్వరే నయం. మరీ చిన్నది వద్దు, చిన్నదైనకొద్దీ చేతిని గాడిదలా తంతుంది" అన్నాడు. తన పాత కారులో కూర్చోబెట్టి, సీటు బెల్టు పెట్టించి, ఒర ఎక్కడ అడ్డొస్తుందో చూశాడు. చేతులకు చలితొడుగులు వేయించాడు. పిండి బస్తా ఎత్తించి గుమ్మం దాకా నడిపించాడు. చివరికి చిన్న రాళ్లు దాచుకునే కోడిగుడ్ల అట్టలోంచి ఒక రాయి తీసి ఆమె నడుముకు కట్టాడు, ఏప్రన్ పైనుంచి.

"రొట్టె అడిగినవాళ్లకి ఎవరైనా రాయి ఇస్తారా, వెర్లిన్ గారూ?" అంది మార్వా ఉక్రోషంగా.

"నువ్వు రొట్టె అడగలేదుగా" అన్నాడాయన. "పైకి కనబడాలి. మరిచిపోకు."

మార్వాకు ఒళ్లు మండింది. చేతిలో ఆయుధం లేదు సరికదా, ఊరంతా తిరిగి చూసేలా నడుముకో బండరాయి.

ఆ సాయంత్రం మూసే వేళయింది. బూడిద ట్రక్కు రానే వచ్చింది. హోటల్లో డెల్‌బర్ట్ ఒక్కడే చల్లారిన కాఫీ ముందు కూర్చుని ఉన్నాడు, పోడు. ఆమె దీపాలార్పితే లేచి, "నా బండి అటే పెట్టాను, పద. నా ప్యాంటు కథ నీకెవరూ చెప్పలేదేమో" అన్నాడు. వంతెన దాకా చెప్పాడు. వంతెన దాటాక మళ్లీ మొదటినుంచి చెప్పాడు.

మర్నాడు పాస్టర్ గారి భార్య ఆస్ట్రిడ్ తీపిరొట్టె కోసం వచ్చింది, సరిగ్గా మూసే వేళకి. "ఒక్కదాన్నే తినలేనమ్మా, మీ ఇంటిదాకా నడుస్తూ తిందాం" అంది. ఆ మర్నాడు గ్రంథాలయం నడిపే అక్కచెల్లెళ్లు. తర్వాత మంగలి. అందరి దారీ అటే. అందరూ ఒకప్పుడు రాయి మోసినవాళ్లే, అందరి దగ్గరా ఒక రాయి కథ. సెలవు రోజున పళ్లు ఏరడానికి వెళ్తే ఏటి ఎగువన కూడా ఆస్ట్రిడ్ బకెట్ పట్టుకుని ప్రత్యక్షం, గొంతెత్తి చర్చి పాటలు పాడుతూ.

"కాస్త నెమ్మదిగా పాడరాదా, అమ్మగారూ?"

"గట్టిగా పాడితే ఎలుగుబంట్లు రావు తల్లీ. మా ఆయన అసలు చర్చికే ఎవరూ రారంటాడనుకో." ఆస్ట్రిడ్ నవ్వి, ఆకుల్లో వెతుకుతూ అడిగింది. "ఇంతకీ ఆ రాయి దేనికి?"

"ఎలుగుబంటికే."

"ప్యాంటు వేసుకున్నదా?"

మార్వా చేతిలో పళ్లు అలాగే ఉండిపోయాయి. ఈ ప్రశ్న ఈ ఊరికి ఎవరు నేర్పారు? ఇన్నాళ్లుగా దాచుకున్నదంతా ఆ పొదల మధ్య కూర్చుని చెప్పేసింది. ఆస్ట్రిడ్ పాట ఆపి విన్నది. "అయ్యో నా తల్లీ" అని మాత్రం అంది.

మర్నాటి సాయంత్రం బూడిద ట్రక్కు వచ్చేసరికి దానికి చోటు లేదు. అది ఆగే చోట డెల్‌బర్ట్ గడ్డిబండి నిలబడి ఉంది. దాని వెనక చర్చి వ్యాను. దాని వెనక మంగలి కారు. ట్రక్కు వీధి చివర ఆగింది. డెల్‌బర్ట్ తీపిరొట్టె ముక్కొకటి పళ్లెంలో పెట్టుకుని తీరిగ్గా నడిచి వెళ్లి దాని అద్దం మీద తట్టాడు.

"ఏం తమ్ముడూ, రోజూ బయటే కూర్చుంటున్నావట. చలి కాదూ? లోపలికి రా. నీ పేరు చెప్పు, అందరికీ పరిచయం చేస్తాను. మా పోలీసు డిప్యూటీ కూడా లోపలే ఉన్నాడు, ఆయనకి కొత్తవాళ్లంటే మహా ఇష్టం."

హోటల్ కిటికీలో వరసగా మొహాలు. డిప్యూటీ అద్దానికి ముక్కు ఆనించి ట్రక్కు నంబరు చదువుకుంటున్నాడు. కిటికీ పక్క కుర్చీలో వెర్లిన్ హాస్కెట్, ఏమీ ఎరగనట్టు కాఫీలో చక్కెర కలుపుతూ. ట్రక్కు మనిషి అందర్నీ చూశాడు. పళ్లెం అందుకోలేదు. బండి తిప్పుకుని పోయాడు. మరి రాలేదు.

ఆకులు రాలే రోజుల్లో ఒకనాడు మార్వా చర్చిలో కూర్చోబోతుంటే నడుము దగ్గర ఏదో బల్లకు తగిలి ఠంగుమంది. అప్పుడు గుర్తొచ్చింది, రాయి ఉందని. ముందు వరుస "ఆమెన్" అంది.

సోమవారం తీపిరొట్టె ఒకటి గుడ్డలో చుట్టుకుని దుకాణానికి వెళ్లింది. రాయిచ్చినాయనకి రొట్టె. వెర్లిన్ ముందే ఎంచి పెట్టిన రివాల్వరు బయటికి తీశాడు, అడవికని కారం డబ్బా పక్కన పెట్టాడు. "శనివారం గురి నేర్పుతాను. రాకపోతే మళ్లీ రాయే" అన్నాడు. ఆమె చేతిలో పట్టుకుని చూసింది. రాయిలాగే ఉంది బరువు, ఒక పిసరు ఎక్కువా కాదు, తక్కువా కాదు.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. రాయి పైనే ఎందుకు కట్టుకోవాలి?"

"తోలుకి గాలి..."

"తోలు లేదూ గాలీ లేదు. భయపడ్డవాళ్లెవరో ఊరందరికీ తెలియాలనేగా?"

వెర్లిన్ గుడ్డ విప్పి రొట్టె వాసన చూశాడు. ఆమె కదల్లేదు.

"పిస్తోలు కొనడానికి వచ్చేవాళ్లు భయాన్ని చొక్కా లోపల పెట్టుకుని వస్తారమ్మా. అడిగితే చెప్పరు. రాయి గురించి అడిగితే మాత్రం నోరు విప్పుతారు, తిట్టడానికైనా" అన్నాడు చివరికి. "పిస్తోలు ఎలాగూ ఇస్తాను. అది వచ్చేలోపు మనుషులు రావాలి కదా."

"మరి మీకు? మీరు దేనికి మోస్తున్నారు?"

ఆయన నల్లరాయిని అరచేత్తో తడిమాడు. "మా ఆవిడ పోయాక కట్టుకున్నాను. ఇది తీసేస్తే సాయంత్రం నాతో ఇంటిదాకా ఎవరు నడుస్తారు? ఆస్ట్రిడ్ భోజనానికి పిలవడం మానేస్తుంది. ఎవరితోనూ అనకు."

ఊరందరికీ తెలుసన్న మాట మార్వా చెప్పలేదు.

తొలి మంచు పడ్డ వారం హోటల్లోకి కొత్తవాడొకడు వచ్చాడు. కరెంటు తీగలు లాగే పనివాడు, గుబురు మీసం, చెట్టుమానంత భుజాలు. కోటు పైన తోలు ఒర, ఒరలో రాయి. సిగ్గుతో చచ్చిపోతూ మూల బల్ల దగ్గర కూర్చున్నాడు. వీధి వైపు బల్ల దగ్గర వెర్లిన్ పళ్లెంలోకి తల దించేసి తింటున్నాడు.

మూసే వేళయింది. ఎవరూ చెప్పకుండానే మార్వా ఏప్రన్ విప్పి, మిగిలిన రొట్టె పొట్లం కట్టి, ఆ బల్ల దగ్గరికి వెళ్లింది.

"రాయి దేనికి, బాబూ?"

"ఎలుగుబంటికండీ."

మార్వా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ప్యాంటు వేసుకున్నదా?"

ఆ భారీ మనిషి కళ్లు గుండ్రంగా తిరిగాయి. "ఎలుగుబంటికి ప్యాంటేమిటండీ? నిజం ఎలుగుబంటే. నిన్న స్తంభం ఎక్కితే కింద కూర్చుంది. చీకటిపడే దాకా దిగలేదు నేను."

వెర్లిన్ పొలమారి కాఫీ కక్కుకున్నాడు. మార్వా నవ్వు ఆపుకుని పొట్లం అతని చేతిలో పెట్టింది.

"సరే, లే బాబూ. మా ఇల్లూ అటే."