కుండకు అటుదిక్కు

బాన్సువాడ బస్టాండుల కూసున్నప్పుడు, నా పక్కనే ఒకామె అట్టల నడుమ నుంచి ఒక కాగితం తీసి రంగు ఆరిందా లేదా అని చూసుకుంటున్నది. మోనోటైప్. గాజు పలక మీద రంగు పూసి, గుడ్డతో తుడుస్తూ బొమ్మ తేల్చి, పైన కాగితం అద్ది తీస్తే ఒక్కటే వస్తది, మళ్ల రాదు. నా పని కూడా అదే కాబట్టి తొంగి చూసిన.

మ్యూజియంల అద్దాల పెట్టెల ఉన్న పాతకాలం మట్టికుండ అది. నేను కూడా దాన్ని ఎన్నోసార్లు వేసిన. నావి ఉత్త బొమ్మలు. ఆమె కుండల మాత్రం ఇంకా నీళ్లున్నట్టే ఉన్నది. నాకు కడుపు మండింది.

ఏదన్నా తప్పు దొరికితే బాగుండనుకున్న. దొరికింది.

"అక్కా, కుండ అంచు పగిలింది ఎడమ దిక్కు గదా? మీకు కుడికి వచ్చింది. అద్దితే తిరగబడుతది, ముందే ఉల్టా గీయాలె," అన్న.

ఆమె నొచ్చుకోలేదు.

"తెలుసన్నా. మనం ఇటు నిలవడి చూస్తున్నం. దాంట్ల వండుకున్నామె అటు కూసున్నది గదా. ఆమెకు గిట్లనే కనవడ్తుండె," అన్నది.

ఇంతల వర్ని బస్సు వస్తే ఎక్కి పోయింది. పేరు అడగలేదు. అడిగితే ఆ పేరు ఎక్కడో ఒకచోట వినవలసి వస్తదని.

ఇప్పటికీ ఏ ప్రదర్శనకు పోయినా గోడల మీద ముందుగాల కుండల్నే వెతుకుత. పగులు కుడి దిక్కు కనవడకుంటే నా పానం నిమ్మళమైతది.