సోషల్ సార్ చెరపనివ్వని బిల్లు

మా సోషల్ సార్ పోయారు. పోయిన మంగళవారం పొద్దున పిల్లలు ప్రార్థనకు వరుసలు కడుతుంటే హెడ్‌మాస్టర్‌కు ఫోన్ వచ్చింది. తెల్లారుజామున ఛాతీలో నొప్పి అన్నారట, దవాఖానకు చేరేలోపే అయిపోయింది. ఇంకో ఏడాదిలో రిటైర్ కావాల్సిన మనిషి. ఆ రోజు ప్రార్థన జరిగింది గానీ బడి జరగలేదు.

నేను అదే బడిలో లెక్కలు చెబుతాను. పర్మినెంట్ టీచర్‌ను కాను, విద్యా వాలంటీర్‌ను. బడి నడిచిన నెలలకే జీతం, అదీ ఎప్పుడొస్తుందో తెలియదు. వేసవిలో అది కూడా ఉండదు. ఆరేళ్లుగా ఇదే బతుకు. చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది, కానీ సార్ గురించి చెప్పాలంటే ఇది చెప్పక తప్పదు.

మా బడి శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గర. తల మీదుగా విమానం పోతుంటే ఎంత అరిచినా వినపడదు. సార్ అరిచేవారు కాదు. వాక్యం మధ్యలోనే ఆగి, చాక్‌పీసు పైకెత్తి నిలబడేవారు. మోత తగ్గాక ఆగిన మాట దగ్గరే మళ్లీ అందుకునేవారు. పిల్లలకూ అదే అలవాటైంది. కొట్లాడుకుంటూ కూడా విమానం వస్తే ఆగి, అది పోయాక మిగతా తిట్లు తిట్టుకునేవారు.

ఎనిమిదో తరగతిలో బిల్లు చట్టం ఎలా అవుతుందో ఒక పాఠం ఉంది. దానికోసం సార్ తరగతినే శాసనసభ చేసేవారు. ఒక వరస అధికారపక్షం, ఇంకో వరస ప్రతిపక్షం, మూలనున్న స్టూలు మీద ఆయన స్పీకర్. పిల్లలు లేచి "అధ్యక్షా" అంటే ముఖం గంభీరంగా పెట్టుకుని వినేవారు. ఆయన పెట్టిన నియమం ఒకటే. ఆ సభలో నెగ్గిన బిల్లు వారంలో అమలు కావాలి. ఒక ఏడాది ఆడపిల్లల బాత్రూమ్ తలుపుకు గడియ కావాలని బిల్లు నెగ్గింది. బడి గ్రాంటు ఇంకా రాలేదు. ఆదివారం ఆయనే స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చి గడియ బిగించారు.

"ఎందుకు సార్ మీకీ తిప్పలు?" అన్నాను.

"అమలు గాకపోతే పాఠం అబద్ధమైతది మేడమ్. రేపటిసంది నా మాట ఎవరింటరు?"

రెండేళ్ల కిందట, వాలంటీర్లకు ఏడాది పొడవునా జీతమిచ్చే బిల్లు నిజం శాసనసభకు వస్తోందని వార్త. స్టాఫ్‌రూమ్‌లో ఒక ఫోన్ చుట్టూ మూగి చూశాం. బిల్లు ప్రవేశపెట్టారని తెర మీద కనబడగానే సార్ బయటికి పోయి రెండు కిలోల జిలేబీ తెచ్చారు. తలా ఒకటి పంచాం. నేను ఇంటికి ఫోన్ చేస్తే మా అత్త దేవుడికి కొబ్బరికాయ కూడా కొట్టింది. ప్రవేశపెట్టగానే అయిపోదు, చర్చ జరగాలి, నెగ్గాలి అని ఏటా పిల్లలకు చెప్పే మనిషికి ఆ రోజు అది గుర్తు రాలేదు. పక్క గదిలోంచి ఏటా వినే నాకూ రాలేదు. బిల్లు చర్చకు రానేలేదు. సభ గడువు తీరింది, బిల్లు మురిగిపోయింది.

"నా పాఠం నేనే మర్చిపోయిన బిడ్డా. నిన్ను ఉత్తగనే ఆశపెట్టిన," అన్నారు సార్. అప్పటిదాకా నన్ను మేడమ్ అనే పిలిచేవారు.

సంగతి పిల్లలకు తెలిసింది. తమ సభలో బిల్లు పెట్టారు: లెక్కల మేడమ్‌కు పన్నెండు నెలలూ జీతం ఇవ్వాలి. అందరూ ఒప్పుకున్నారు. సార్ దాన్ని బోర్డు మూలన రాసి చుట్టూ గీత గీశారు. వారం గడిచింది. ఆయన అమలు చేయలేకపోయిన బిల్లు అదొక్కటే. ఎవరినీ చెరపనివ్వలేదు. అక్షరాలు వెలిసినప్పుడల్లా తనే దిద్దేవారు.

ఈ వేసవిలో నాకు విమానాశ్రయం దగ్గర ఒక కార్గో గోదాములో ఉద్యోగం దొరికింది. సార్‌తో చెబితే ఉండమంటారనుకున్నాను.

"పో బిడ్డా. ఏ మొఖం పెట్టుకోని ఉండుమనాలె?" అన్నారు.

అలా అన్నందుకే పోలేకపోయాను. ఆయన మీద కోపం కూడా వచ్చింది. ఆయన పోయిన రెండో రోజు గోదాము వాళ్లు మళ్లీ ఫోన్ చేసి సోమవారంలోగా చెప్పమన్నారు. ఈసారి వాళ్లకు సరేనందామనుకునే సోమవారం బడికి వెళ్లాను.

ఎనిమిదో తరగతిలో సార్ పీరియడ్‌కు నన్నే పంపారు. బోర్డు తుడుస్తూ ఆ మూల దాకా వచ్చి ఆగాను.

"మేడమ్, సార్ లేడు గదా. గా బిల్లు మురిగిపోయినట్టేనా?" అంది ముందు బెంచీ అమ్మాయి.

"మురిగితే మళ్ల పెట్టాలె అని సార్ చెప్పిండు గదనే," అంది వెనక బెంచీలో ఇంకో పిల్ల. లేచి నిలబడి ఖాళీ స్టూలు వైపు చూసింది. తరువాత నా వైపు తిరిగి, "అధ్యక్షా," అంది.

పోయి ఆ స్టూలు మీద కూర్చున్నాను. గోదాముకు పోనని అక్కడే తేలిపోయింది. సంతోషమేమీ కలగలేదు, అలసటే కలిగింది. నెగ్గితే వారంలో అమలు చేయాల్సింది ఇప్పుడు నేనే. ఆ పిల్ల బిల్లు చదివింది. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నాను.

అంతలో విమానం వచ్చింది. అందరం ఎక్కడివాళ్లం అక్కడే ఆగాం. అది దాటిపోయేదాకా ఒక్క చేయీ దిగలేదు.