అది పొడిచింది

సర్వనామం అంటే బసవపున్నయ్యకు ప్రాణం. ఇంగ్లీషులో ఇంకేం తప్పు రాసినా ఓర్చుకునేవాడు గానీ, సర్వనామం దగ్గర తప్పు రాస్తే మాత్రం పేపరు మొహాన కొట్టేవాడు. ఆడమనిషైతే 'షి', మగవాడైతే 'హి', గొడ్డూ గోదా రాయీ రప్పా అయితే 'ఇట్'. ఒకసారి 'షి' అని మొదలుపెట్టావా, చివరిదాకా ఆ 'షి'నే పట్టుకుపోవాలి. పదో తరగతి తప్పి ఆయన ట్యుటోరియల్‌కి వచ్చేవాళ్లలో సగం మంది "మై సిస్టర్ వెంట్ టు స్కూల్, ఇట్ కేమ్ హోమ్" అని రాసేవాళ్లే మరి. వాళ్లననుకుని ఏం లాభం? తెలుగులో 'అది వచ్చింది' అంటే చెల్లెలూ కావచ్చు, మేకా కావచ్చు, భద్రాచలం బస్సూ కావచ్చు.

"ఎవరి బదులు నిలబడ్డావో వాళ్ల వేషమే వేసుకోవాలి. చెల్లెలి బదులు నిలబడి మేక వేషం వేస్తే ఎలాగయ్యా?" అనేవాడు. అలా అన్న ప్రతిసారీ తనే ముందు నవ్వుకునేవాడు.

ఆయనది నందిగామ పక్క, గొడ్డూ గోదా లేని ఇల్లు. బంధువులంతా వైరా చెరువు కింద పొలాలు కొనుక్కుని వచ్చేస్తుంటే ఆయనా వచ్చాడు గానీ, కొనడానికి చేతిలో ఏమీ లేక, అడవి అంచున ఉన్న ఓ చిన్న ఊళ్లో, కోర్టు ఎదురుగా, ఒక గది కిరాయికి తీసుకున్నాడు. పొద్దున ఆ గదిలో వ్యాకరణం చెప్పేవాడు. పదకొండు దాటాక బల్ల మీద టైపు మిషను పెట్టి కోర్టు కాగితాలు ఇంగ్లీషులోకి మార్చేవాడు. ప్రతి కాగితం కింద 'ఇది నిజమైన అనువాదం' అని టైపు చేసి, తోక పొడుగ్గా లాగి సంతకం పెట్టేవాడు. ఆ తోకంటే వకీళ్లకు గురి. ఇరవై ఏళ్లలో ఆయన ఇంగ్లీషుకు ఎవరూ వంక పెట్టింది లేదు.

ఎనభై నాలుగు ఎండాకాలంలో ఆయన దగ్గరికి ఒక హత్య కేసు కాగితాలు వచ్చాయి. లోపలి అడవి పల్లెలో వెంకన్న అనే రైతు కడుపులో లోతుగా పోటు దిగి దవాఖానాలో చనిపోయాడు. పెళ్లాం జంపక్కే కొడవలితో పొడిచిందని వెంకన్నకు అన్నయిన పిచ్చయ్య ఫిర్యాదు పెట్టాడు. తమ్ముడు రోజూ తాగొచ్చి దాన్ని కొట్టేవాడని, ఆ కసితోనే పొడిచిందని అతని మాట. కొడవలికి రక్తం ఉంది. కట్టు కట్టడానికి కొడవలితో చీర చెంగు కోశానని జంపక్క చెప్పింది గానీ, ఎవరూ నమ్మలేదు. ఆమెను పట్టుకుపోయి జైల్లో పెట్టారు.

ఆ కాగితాల్లోనే వెంకన్న చివరి మాటలున్నాయి. ప్రాణం పోకముందు దవాఖానాలో డాక్టరు అడిగితే అతను చెప్పింది చెప్పినట్టు తెలుగులో రాసుకున్నారు. మొత్తం అయిదు ముక్కలు.

'నా పెండ్లం తలుగు ఇప్పింది. వద్దంటె ఇనలే. అది పొడిచింది. దాన్ని కొట్టకుండ్రి. సూడి మీదున్నది.'

బసవపున్నయ్య ఆ అయిదు ముక్కల మీద అరగంట కూర్చున్నాడు. తలుగు అంటే తాడు, సరే. 'అది' ఎవరు? కాగితమంతా వెతికాడు. ఆడ నామవాచకం ఒక్కటే ఉంది, 'నా పెండ్లం'. సర్వనామం తన ముందున్న నామవాచకానికే చెందాలి గదా. పైగా ఫిర్యాదులో కూడా పెళ్లామే పొడిచిందని ఉంది. ఇక సందేహమేముంది? సూడి అనే మాట దగ్గర కాస్త ఆగాడు. చూలాలు అంటే గర్భిణి. ఆ చూలే అడవిలో సూడి అయ్యిందన్నమాట, ఎంత పాత మాట దాచుకున్నారు వీళ్లు అని మురిసిపోయాడు కూడా. మొదలుపెట్టిన 'షి'ని చివరిదాకా ఎక్కడా తప్పకుండా లాక్కొచ్చాడు. షి స్టాబ్డ్ మి. డు నాట్ బీట్ హర్. షి ఈజ్ ప్రెగ్నెంట్.

ఆ ఇంగ్లీషు చదివి కోర్టులో కొందరు కళ్లు తుడుచుకున్నారట. పొడిచిన పెళ్లాన్ని కూడా కొట్టొద్దన్నాడే, ఎంత మంచివాడో అనుకున్నారు. జంపక్క గర్భిణి కాదని తేలాక ఆ కథ ఇంకా పెద్దదైంది. పెళ్లాన్ని దెబ్బల నుంచి కాపాడడానికి చచ్చేముందు అబద్ధం కూడా ఆడాడన్నారు. పైకోర్టులో జామీను అడిగితే, అంత దయగలవాడు పెళ్లాం మీద లేని నేరం మోపడని చెప్పి ఇవ్వలేదు. జంపక్క తరఫు వకీలు చెంచురామయ్యే ఆ సంగతి మోసుకొచ్చాడు.

"ఓడిపోయాం గానీ, మీ ఇంగ్లీషు మాత్రం అద్భుతం మాస్టారూ" అన్నాడు.

బసవపున్నయ్య ఆ రోజు ఇంటికి వెళ్లి భార్య ప్రమీలారాణికి ఆ మాట రెండుసార్లు చెప్పుకున్నాడు.

జంపక్క జైలుకెళ్లిన ఏడో నెలలో ఒక మధ్యాహ్నం ఒక ముసలామె గది ముందుకొచ్చి నిలబడింది. పేరు సమ్మక్క. బిడ్డ జైల్లో ఉంది, తనకు జ్వరం తగ్గడం లేదు, ఒక్కసారి బిడ్డను ఇంటికి పంపమని పెద్ద జడ్జికి ఇంగ్లీషులో అర్జీ రాయాలంది. బసవపున్నయ్య కాగితం ఎక్కించి, వివరాలు చెప్పమన్నాడు. ఎవరి తాలూకో ఆయనకింకా తెలియదు.

"అల్లుడు ఎట్లా పోయాడమ్మా?"

"బర్రె పొడిచింది సారూ."

ఆయన టకటకా కొట్టాడు. బఫెలో. గోర్డ్. కొమ్ముతో పొడిస్తే ఇంగ్లీషులో ఆ మాటే పడాలి. "మరి మీ అమ్మాయినెందుకు పట్టుకున్నారు?"

"గదే తెల్వదు సారూ. బర్రె బెదిరి ఉన్నది, ఇప్పకే అన్నడట. మా జంపక్క ఇనక తలుగు ఇప్పింది. గాయిన తాడు పట్టబోయిండు. కడుపుల పొడిచింది. తొలిసూడి బర్రె, మనిషిని దగ్గరికి రానియ్యకపోతుండె."

బసవపున్నయ్య వేళ్లు మీటల మీదే ఆగిపోయాయి. జంపక్క. తలుగు. సూడి.

"సూడి అని… మనుషులకు కూడా అంటారు గదా అమ్మా?"

సమ్మక్క ఆయన్ని వింతగా చూసింది. ఇంత చదువుకున్నాయన ఇదేం అడుగుతున్నాడని.

"మనిషికెవరన్న అంటరా సారూ? ఆడమనిషి నీళ్లు పోసుకుంటది. గొడ్డు సూడి కడతది."

ఆయన లేచి పెట్టె తెరిచి పాత కార్బన్ కాపీలు కింద పడేసుకుంటూ వెతికాడు. దొరికింది. కింద తోక సంతకం నిగనిగలాడుతూ ఉంది. చదివాడు. మళ్లీ చదివాడు. వెంకన్న బర్రె పేరెత్తలేదు. పొద్దున లేస్తే కళ్లముందుండే గొడ్డు, దానికి వేరే పేరెందుకు? 'అది' అన్నాడు. అక్కడ నామవాచకం లేనే లేదు. లేని నామవాచకం చోట తను ఒక మనిషిని తెచ్చి నిలబెట్టాడు. నిలబెట్టి, వ్యాకరణం చెడకుండా, ఒక్క తప్పు కూడా లేకుండా ఆమెను జైల్లోకి నడిపించాడు. ఏడు నెలలు! తను పాలు సీసాల్లో కొనుక్కున్నాడు గానీ ఏనాడైనా ఒక గొడ్డును కట్టేశాడా, ఇప్పాడా?

"ఏమైంది సారూ, గట్ల అయిపోయినవ్?" అంది సమ్మక్క.

"నేనే రాశానమ్మా" అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, పక్క టీకొట్టు కుర్రాణ్ణి మంచినీళ్లు ఇమ్మని కేకేసి, చెప్పులు కూడా వేసుకోకుండా కోర్టు వరండాలోకి పరుగెత్తాడు.

చెంచురామయ్య ముందు నమ్మలేదు. తర్వాత తన ఫైలు తీసి, అడుగున నలిగిపోయి ఉన్న తెలుగు కాగితం నకలు చదివి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నేనీ తెలుగు చూడనే లేదు మాస్టారూ. పైన మీ ఇంగ్లీషుంది గదా అని. జంపక్క మొదట్నించీ బర్రె బర్రె అని మొత్తుకుంటూనే ఉంది" అన్నాడు.

"తప్పు నాది. రాసిస్తాను. ఏం రాయాలో చెప్పండి."

"రాస్తే ఇక మీ దగ్గరికి ఒక్క కాగితం రాదు. ఇరవై ఏళ్లలో మీరు రాసినవన్నీ తిరగేస్తారు. ఆలోచించుకున్నారా?"

"తిరగేయనివ్వండి. ఇంకెవరున్నారో ఏమో అందులో" అన్నాడు బసవపున్నయ్య. అనేశాక ఆ మాటకు తనే హడలిపోయాడు.

విచారణ రోజున జిల్లా కోర్టులో జడ్జిగారు ఆయన్ని బోనెక్కించి తెలుగు కాగితం చేతికిచ్చారు. సర్కారు వకీలు లేచాడు.

"ఇక్కడి మొగుళ్లు పెళ్లాన్ని కూడా 'అది' అంటారా, అనరా?"

"అంటారు."

"మరి ఈ 'అది' పెళ్లాం కాదని ఎలా చెప్పగలవు?"

"ఆ మాటను బట్టి చెప్పలేనండి. అందులో పెళ్లామూ ఉంది, బర్రె కూడా ఉంది. కింద సూడి అని ఉంది, అది చూసి చెబుతున్నాను. సూడి గొడ్డుకే కడుతుంది."

జడ్జిగారు కాగితం వెనక్కి తీసుకుని ఆ ముక్క పైకి చదివారు. చదివి తలెత్తి హాలంతా చూశారు. తలుపు దగ్గర బంట్రోతు తలూపుతున్నాడు. జంపక్కను తీసుకొచ్చిన జమేదారు మోతీలాల్ తల వంచుకున్నాడు. వెనక బెంచీల మీది రైతులు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుంటున్నారు. ఆ హాల్లో ఏడు నెలల కిందట ఆ మాట తెలియనివాడు ఒక్కడూ లేడు, బోనులో నిలబడ్డ బసవపున్నయ్య తప్ప. ఆయనకు నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

డాక్టరును మళ్లీ పిలిపించారు. కొమ్ము పోటు కూడా అలాగే ఉంటుందని ఆయన ఒప్పుకున్నాడు. మూడు వారాలకు జంపక్కను వదిలేశారు.

వదిలే రోజున బసవపున్నయ్య ఎవరు వద్దన్నా వినక సమ్మక్కతో పాటు జైలు దగ్గరికి వెళ్లాడు. కాళ్ల మీద పడతానన్నాడు. పెద్దవారు మీకిదేం పనని ప్రమీలారాణి కోప్పడినా మనసు మార్చుకోలేదు.

జంపక్క బయటికొచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో, చిక్కి సగమైంది. తల్లిని పట్టుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత ఈయన్ని చూసింది.

"ఈ సారే మాట దిద్దించింది బిడ్డా" అంది సమ్మక్క.

"దిద్దించడం కాదమ్మా. తప్పు రాసింది కూడా నేనే" అన్నాడు బసవపున్నయ్య. చేతులు జోడించాడు. "మీ ఆయన బర్రె పొడిచిందన్నాడు. నేను నువ్వు పొడిచావని రాశాను."

జంపక్క తిట్టలేదు. శాపనార్థాలు పెట్టలేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు ఆగి, మెల్లగా అడిగింది.

"మరి కొట్టకుండ్రి అన్నడట గద సారూ? లోపల జమేదారమ్మ చదివి చెప్పింది. నన్ను కొట్టొద్దన్నడని."

బసవపున్నయ్య జోడించిన చేతులు దించాడు.

"నేను పొడిచిన్నన్నది పోలీసోళ్లు కల్పించిన్రనుకున్న. కొట్టొద్దన్నది మాత్రం ఆయన మాటే అనుకున్న. పద్నాలుగేండ్లు కొట్టిండు సారూ. పోయేటప్పుడన్న గంత మాట అన్నడని, నాకు కడుపని అబద్ధం గూడ ఆడిండని, ఇన్ని నెలలు దాని మీదనే బతికిన." ఆమె ఆయన మొహంలోకే చూస్తోంది. "గది గూడ బర్రె గురించేనా?"

కాదని ఒక్క మాట అంటే చాలు. అనాలని ఆయన నాలుక దాకా వచ్చింది కూడా. కానీ ఈమె విషయంలో ఒక అబద్ధం ఇదివరకే సంతకం పెట్టి ఇచ్చాడు.

"అవునమ్మా. బర్రె గురించే."

జంపక్క తలూపింది. చెంగుతో మొహం తుడుచుకుని, తల్లి చేతిలోని సంచి తను అందుకుంది.

"గట్లనే ఉంటది" అంది. "నడువవ్వా, బస్సు పోతది."